మా ఆయనకిచ్చిన పచ్చంచు పంచె

మా తమ్ముడి పెళ్ళికి ఇంట్లో మగవాళ్ళందరూ ఒకే రంగు కట్టాలని మా అన్న నిర్ణయించాడు. ఇప్పుడు పుదుచ్చేరిలో ఏ పెళ్ళి చూసినా ఇదే పద్ధతి. పెళ్ళికొడుకు అన్నదమ్ములు, మామలు, బావలు, చివరికి పాలు మానని పిల్లలు కూడా ఒకే రంగు పట్టుచొక్కా, దానికి సరిపడే అంచున్న పట్టుపంచె వేసుకుని మండపం మెట్ల మీద వరసగా నిలబడి ఫొటో దిగుతారు. ఎవరు ఇంటివాళ్ళో, ఎవరు భోజనానికొచ్చినవాళ్ళో గుడ్డ రంగు చూసి చెప్పేయొచ్చు. అన్న ఎంచుకున్నది వంకాయ రంగు.

దర్జీకి కొలతలివ్వడానికి అందరితోపాటు మా ఆయన కూడా వెళ్ళారు. ఆయన ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంగిపోయి ఉంటుంది. యానాం నుంచి ఇక్కడి నూలు మిల్లులో పనికొచ్చిన కొత్తలోనే యంత్రంలో పడి అలా అయింది. అందుకని ఆయన చొక్కాలకు ఎడమ చెయ్యి కురచగా కుట్టాలి. దర్జీ ఆ చెయ్యిని ఒకటికి రెండుసార్లు కొలిచి రాసుకున్నాడని ఇంటికొచ్చి సంబరంగా చెప్పారు. మిల్లు మూతపడ్డాక ఆయన ఇందిరా నగర్‌లో ఇస్త్రీ బండి పెట్టుకున్నారు. నేనూ ఆ బండి దగ్గరే నిలబడతాను. కదిర్కామంలో వైద్యం చదివే పిల్లల తెల్లకోట్లు, ఆఫీసులకు పోయేవాళ్ళ ప్యాంట్లు, పండగలొస్తే పంచెలు. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది కూడా ఆ బండి దగ్గరే. మేం తరతరాలుగా ఇక్కడివాళ్ళం, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం కానీ చదవడం ఎవరికీ రాదు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఆయన బొగ్గుముక్కతో చెక్క మీద రాసి చూపించేవారు. నేను దిద్దేదాన్ని.

పెళ్ళికి ముందు వంకాయ రంగు జతలన్నీ ఇస్త్రీకి మా బండికే వచ్చాయి. పట్టుకు వేడి ఎక్కువైతే చస్తుంది. మీద తడి పల్చటి గుడ్డ పరిచి, జరీ అంచును లోపలికి తిప్పి, నెమ్మదిగా పెట్టె జరపాలి. పొద్దున్నుంచి ఇద్దరం అదే పని. ఒక చొక్కా విప్పితే ఎడమ చెయ్యి కురచగా ఉంది. నేను ఎత్తి చూపించాను. ఆయన నవ్వి, "దాన్ని చివరికి ఉంచు, నేను చేసుకుంటాను" అన్నారు. అలాగే చేశారు. దాన్ని మిగతావాటిలో కలపకుండా విడిగా హ్యాంగరుకు తగిలించారు.

సాయంత్రం మా వదిన కారులో వచ్చి అన్నీ ఎత్తించుకుంది. హ్యాంగరుకున్నది కూడా తీసింది.

"అది మాదేనమ్మా, ఇక్కడే ఉండనివ్వండి" అన్నారు ఆయన.

"అన్నీ ఒకటిగా సామి ముందర పెట్టి, పసుపు పూసి ఇయ్యాల అన్నా. పెళ్ళి పొద్దున మీది మీకు వచ్చేస్తాది" అంది వదిన.

పెళ్ళి పొద్దున అన్న వాళ్ళ కారు డ్రైవరు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి ఇచ్చాడు. మా ముఖం చూడకుండా ఇచ్చి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. విప్పి చూస్తే నూలు పంచె. సన్నటి ఆకుపచ్చ అంచు. దాంతోపాటు బజార్లో దొరికే తెల్ల పొట్టిచేతుల చొక్కా. పొట్టిచేతులు ఆయన వేసుకోరు, వంగిన చెయ్యి పూర్తిగా బయటపడుతుందని. నేను సంచిని పక్కకు నెట్టేశాను. ఆయన మాత్రం సంచిలో అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికి, "అల్లుళ్ళకి వేరే రంగు పెట్టారేమోలే" అన్నారు.

"మీరొక్కరే కదా అల్లుడు."

"అయితే నాకొక్కడికే వేరే రంగు" అని నవ్వారు.

మా వాళ్ళలా లుంగీ చుట్టినట్టు చుట్టుకోవడం ఆయనకు నచ్చదు. వాళ్ళ ఊళ్ళో కట్టినట్టు గోచీ పోసి, ముందు కుచ్చిళ్ళు దోపి కడతారు. ఒక చెయ్యి సరిగ్గా రాదు కాబట్టి కుచ్చిళ్ళ కొసను గడ్డం కింద నొక్కిపట్టుకుంటారు, నేను కింద లాగి సరిచేస్తాను. ఆ రోజూ అలాగే కట్టుకున్నారు. నూలు పంచే అయినా ఒంటికి భలే కుదిరింది. ఆ మాట అన్నాను కూడా.

మండపం గేటు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. కార్లు నిలబెట్టిస్తున్న డ్రైవర్లకు అదే ఆకుపచ్చ అంచు. పూలబుట్టలు మోస్తున్న మనిషికి అదే. లోపల ఆకులు వేస్తున్న వంటవాళ్ళ మనుషులకీ అదే పంచె, అదే తెల్లచొక్కా. అన్న పనివాళ్ళందరికీ ఒక మూటగా కొని పంచిపెట్టాడు, అందులోంచి ఒకటి మా ఇంటికి వచ్చింది.

"పదండి, ఇంటికి పోదాం" అన్నాను.

ఆయన వంగిన చెయ్యిని కండువాతో కప్పుకోబోయి, కండువా ఇవ్వలేదని అప్పుడు చూసుకున్నారు. "పిల్లాడి పెళ్ళి. ఇప్పుడు వెళ్ళిపోతే నలుగురూ ఏమైందని అడుగుతారు. నువ్వు లోపలికెళ్ళు" అన్నారు.

నేను నేరుగా ఆడవాళ్ళు తయారయ్యే గదికి వెళ్ళాను. వదిన అద్దం ముందు జడలో పూలు పెట్టించుకుంటోంది. మా అమ్మ మంచం మీద కూర్చుని తాంబూలాలు కడుతోంది.

"వదినా, మా ఆయన గుడ్డలు యాడ?"

వదిన అద్దంలోంచే నన్ను చూసింది. పూలు పెడుతున్న అమ్మాయిని బయటికి పంపి, తలుపు వేసింది.

"ఇప్పుడు రచ్చ చెయ్యొద్దు. యానాంలో నిశ్చితార్థం అప్పుడు వాళ్ళు అడిగినారు, మీ ఇంటి అల్లుడు ఏం చేస్తాడని. చుట్టూ వాళ్ళ జనమంతా ఆఫీసర్లు. మీ అన్న నోట్లో దుబాయి అని వచ్చేసింది. ఆ మాట ఇప్పుడు యాడ మార్చేది? ఆ చెయ్యితో, ఆ వంకాయ చొక్కాతో ముందర నిలబడితే ఎవరీయన అని అడగరా? అల్లుడు దుబాయిలో ఉండాడు, లీవు దొరకలేదు, అంతే."

ఆ నిశ్చితార్థానికి ఒక్క కారులో పట్టేంత మంది మాత్రమే వెళ్ళారు. మమ్మల్ని పిలవలేదు. దూరం కదా అని మేమూ పట్టించుకోలేదు.

"అయితే మరి పిలవడం ఎందుకు?" అన్నాను.

"పిలవకపోతే మీరు ఊరుకుంటారా? అందుకనే ఆ పంచె. ఎవరూ కన్నెత్తి చూడరు, తిని పోవచ్చు" అంది. నిజంగానే మాకు మేలు చేసినట్టు అంది.

అమ్మ వైపు చూశాను. ఆమె తమలపాకుల మీద నీళ్ళు చల్లుతూ, తలెత్తకుండా, "ఒక్క దినం కదమ్మే. ఆయన మంచోడు, సర్దుకుంటాడు" అంది.

"ఆయనకి కుట్టించిన చొక్కా ఏం చేశారు?"

"చిన్నోడికి కట్ చేయించినాను. పట్టు కదా, యాడ పారేసేది?" అంది వదిన.

అప్పుడే తలుపు తోసుకుని వాళ్ళ చిన్నకొడుకు లోపలికి పరిగెత్తుకొచ్చాడు. వంకాయ రంగు చొక్కా వాడి మోకాళ్ళ దాకా ఉంది. నేను బయటికొచ్చాను.

హాల్లో మా ఆయన గోడ పక్కన నిలబడి ఉన్నారు. పెళ్ళికూతురి తండ్రి, పెద్ద ఉద్యోగం, యానాం నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చిన మనిషి, అటుగా పోతూ, "ఏమయ్యా, ఖాళీగా నిలబడ్డావ్? కారులో కొబ్బరికాయల బస్తా ఉంది, దించు" అన్నాడు. మా ఆయన నా వైపు ఒకసారి చూసి, వెళ్ళి దించారు. ఒంటిచేత్తో, బస్తాను తొడకు ఆనించుకుని. ఆ తర్వాత ఒకరు కుర్చీలు వేయమన్నారు. మరొకరు చెప్పులు తీసి పక్కన పెట్టమన్నారు. అన్న అక్కడే ఉన్నాడు. అందరికీ దండాలు పెడుతూ, నవ్వుతూ, మా ఆయన ఎటు కదిలితే దానికి రెండో వైపు తిరుగుతూ ఉన్నాడు.

తాళి కట్టాక మొదటి బంతికి నన్ను అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. నాకు ఒక పక్క అమ్మ, ఇంకో పక్క పెళ్ళికూతురి తల్లి. ఆవిడకు అటు పక్క వాళ్ళ చుట్టాల ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఎదుటి వరసలో అన్న, అతని వంకాయ రంగు జనం. నీళ్ళు పోసే మనిషి రాలేదని వంటవాళ్ళు మా ఆయన చేతికి కూజా ఇచ్చారు. ఆయన వరస మొదటినుంచి పోసుకుంటూ వస్తున్నారు.

పెళ్ళికూతురి తల్లి నా వైపు తిరిగి, గొంతు పెంచి, "మీవారు దుబాయిలో ఉన్నారంట కదమ్మా! సొంత బావమరిది పెళ్ళికి కూడా సెలవివ్వలేదా వాళ్ళు?" అంది.

"అడిగి అడిగి చూసినాడు, లీవు ఇయ్యలేదంట" అంది మా అమ్మ.

"అయ్యో పాపం. ఏమ్మా, రానే రాలేదా?" అని ఆవిడ మళ్ళీ నన్నే అడిగింది.

అప్పటికి మా ఆయన మా ముందుకు వచ్చారు. కూజా వంచి నా గ్లాసులో నీళ్ళు పోస్తున్నారు. నేను నోరు తెరిచాను. ఈయనే అని చెప్పడానికే తెరిచాను. ఆయన తల ఎత్తకుండా, ఆవిడకు వినపడేలా, "ఆయ్, రాలేదండి" అన్నారు.

ఆవిడ ఆయన్ని పరకాయించి చూసింది. "మా వైపు మాటలా ఉందే. ఏ ఊరు బాబూ నీది?"

"యానాం దగ్గరేనండి."

"మరి ఇంత దూరం?"

"పనికొచ్చానండి" అని, ఆవిడ గ్లాసు కూడా నింపి, ముందుకు జరిగారు.

ఎదుటి వరసలోంచి మా అన్న చెయ్యెత్తి, "ఇక్కడ నీళ్ళు!" అని కేకేశాడు. ఇంట్లో ఎప్పుడూ అల్లుడుగారూ అన్నట్టు అరవంలో మాప్పిళ్ళ, మాప్పిళ్ళ అని పిలిచే మనిషి. మా ఆయన వెళ్ళి అతని గ్లాసులో పోశారు. నా ఆకులో అన్నం అలాగే ఉంది. అమ్మ నా మోకాలి మీద గట్టిగా గిల్లి, "తిను" అంది.

ఫొటోకు అందరినీ మెట్ల మీదికి పిలిచినప్పుడు నేను వెళ్ళలేదు. తమ్ముడు పైనుంచి "అక్కా, రా!" అని పిలిచాడు. కొత్తపంచె జారకుండా నడుం దగ్గర పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడికి తెలుసో తెలియదో ఆ క్షణంలో నేను తేల్చుకోలేకపోయాను. చేతులు కడుక్కునే చోట గట్టు మీద కూర్చుని, మా ఆయన పని అయ్యేదాకా ఉన్నాను. ఆయన ఆఖరి బంతిలో డ్రైవర్ల మధ్య కూర్చున్నారు. నేను వెళ్ళి ఆయన పక్కన ఆకు వేయించుకున్నాను. పొద్దున సంచి తెచ్చిన డ్రైవరు మమ్మల్ని చూసి లేచి, వంటగదిలోకి పోయి, అడుగు మిగిలిన పాయసం గిన్నె తెచ్చి మా ఇద్దరి ఆకుల్లో వంచాడు. 

ఇంటికొచ్చాక ఆయన పంచె విప్పి, అలవాటు ప్రకారం అంచులు కలిపి మడతపెట్టారు. నేను ఏడ్చాను, మా వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన మంచం మీద కూర్చుని భుజం నొక్కుకుంటూ, "ఒక్క మాట. నిజం తెలిస్తే ఆ పిల్ల తరఫువాళ్ళు ఏమనేవారో. నా నోట్లోంచి ఆ ఒక్క మాట వచ్చినందుకు గొడవ లేకుండా పెళ్ళి ముగిసింది కదా" అన్నారు. ఆ మాట ఆయనకు ఊరట. ఆ ఊరటను చెడగొట్టడం ఇష్టం లేక నేను ఊరుకున్నాను.

కానీ అబద్ధం ఒక్క దినంతో పోలేదు. కొత్తకోడలు ఇంట్లోకి వచ్చాక ఆయన ఆ ఇంటి గడప తొక్కడానికి లేకుండా పోయింది. వాళ్ళ గుడ్డలు మాత్రం మా బండికే వచ్చేవి. ఇస్త్రీ చేసిన మూటను ఆయన గేటు లోపల కుర్చీ మీద పెట్టి వచ్చేవారు. పై నుంచి కోడలు, "అక్కడ పెట్టేసి వెళ్ళిపో బాబూ" అనేది. దీపావళికి అమ్మ అల్లుడి పంచెలు నా చేతికిచ్చి, కోడలికి వినపడేలా, "ఆయన దుబాయి నుంచి వస్తే కట్టుకోమను" అంది.

కోడలికి కడుపు పండి, గాజులు తొడిగే వేడుక పెట్టారు. ఆడపడుచు లేకుండా జరగదని నన్ను పిలిచారు. వద్దనుకుని కూడా వెళ్ళాను. ఆయనే పంపించారు. గాజులు తొడగడం అయ్యాక ఆ పిల్ల నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, చనువుగా నా పక్కన కూర్చుంది.

"వదినా, మీవారు మా ఊరి వైపువారే కదండీ. ఆ రోజు పాపం ఎంత ఓపిగ్గా నీళ్ళు పోశారో!"

నేను ఆమె వైపు తిరిగాను. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"పెళ్ళికి ముందేనండి. నాన్నగారు సంబంధం వాకబు చెయ్యకుండా ఇస్తారా? ఈ ఊళ్ళో ఇందిరా నగర్ ఎంత దూరం? ఇస్త్రీ బండి అని తెలిసే ఒప్పుకున్నారు. కాకపోతే మా చుట్టాల్లో దుబాయి అంటేనే గౌరవంగా ఉంటుంది, మీ అన్నగారు చెప్పిందే ఉండనీ అన్నారు."

"మరి మీ అమ్మగారు బంతిలో నన్ను అడిగారే?"

ఆ పిల్ల చేతినిండా ఉన్న గాజులు సర్దుకుంటూ నవ్వింది. "పక్కన మా పెద్దమ్మావాళ్ళు కూర్చున్నారు కదండీ. వాళ్ళు వినాలని అడిగింది. మీరు చెప్పేస్తారేమోనని అమ్మకి గుండె ఆగినంత పని అయిందట. మీవారు తెలివైనవారు, టక్కున అందుకున్నారు."

ఆమె దాన్ని మంచిమాటగానే చెప్పింది. ఇద్దరం ఒక ఇంటివాళ్ళం కదా, ఇంకా దాపరికం దేనికన్నట్టు చెప్పింది. నేను లేచి, చెప్పులు వేసుకుని, నడిచి బండి దగ్గరికి వచ్చాను.

ఆయన బొగ్గులు విసురుతున్నారు. జరిగింది చెప్పాను. చెప్పకుండా ఉండవచ్చు, కానీ అది తెలిసి ఆయన పక్కన నిలబడడం నా వల్ల కాదు. ఆయన విన్నారు. పెట్టెను పక్కకు నిలబెట్టారు.

"అంటే అందరికీ తెలుసా?"

"తెలుసు."

"వాళ్ళమ్మగారికి కూడా?"

"ఆవిడకి కూడా."

"నాకు ముందే చెప్తే అసలు వచ్చేవాణ్ణే కాదు కదా" అన్నారు. గొంతులో కోపం లేదు. అంతవరకూ ఆయన తన మాటతో ఎవరినో కాపాడాననుకున్నారు. కానీ పెళ్ళివాళ్ళకు నిజం ముందే తెలుసు, ఆ మాట చుట్టాల చెవిన పడితే చాలని ఆయన్ని అలా నిలబెట్టారు. ఆ సాయంత్రం ఒకే దిండుగలీబు మీద పదేపదే నీళ్ళు చల్లారు. చీకటిపడేముందు, "రేపట్నుంచి ఆ ఇంటి మూట తీసుకోవద్దు" అన్నారు. అంతే అన్నారు.

బిడ్డ పుట్టింది. పుట్టువెంట్రుకలు తీయించే వేడుక దగ్గరపడ్డప్పుడు తమ్ముడు స్కూటరు మీద మా బండి దగ్గరికి వచ్చాడు. చేతిలో మంచి బట్టల కొట్టు సంచి. అందులో తేనె రంగు పట్టుపంచె, అదే రంగు కండువా, కుట్టించిన చొక్కా.

"బావా, ఈసారి నీకూ అదే రంగు. దర్జీ దగ్గర పాత కొలత ఉండాది, దాంతోనే కుట్టించినాను" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. నాకు మనసు కరిగింది.

మా ఆయన చేతులు తుడుచుకుని చొక్కా విప్పి చూశారు. ఎడమ చెయ్యి కురచగా, సరిగ్గా ఉంది. జరీ మీద వేలు ఆనించారు. "సంతోషం రా. మరి నన్ను ఎవరిగా రమ్మంటావు?" అని అడిగారు.

తమ్ముడు నా వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. "ఏంది బావా, ఎవరిగా ఏంది... ఇంటి అల్లుడిగానే. వాళ్ళ చుట్టాలంతా యానాం నుంచి వస్తాండారు. నువ్వు దుబాయి నుంచి లీవులో వచ్చినట్టు వచ్చేయ్. ఆ దినం నీళ్ళు పోసిన మనిషి ముఖం ఎవరికీ గుర్తుండదు. చేతికి ఒక పెద్ద వాచీ నేనే ఇస్తాను. రెండు గంటలు కూర్చుని పో. చెయ్యి గురించి అడిగితే అక్కడ పనిలో అయిందని చెప్దాం."

మా ఆయన చొక్కాను మడతలు చెడకుండా మళ్ళీ సంచిలో పెట్టారు. పంచె పెట్టారు, కండువా పెట్టారు. సంచిని తీసుకెళ్ళి స్కూటరు సీటు మీద ఉంచి, తిరిగి వచ్చి, ఒక తెల్లకోటు పరిచి ఇస్త్రీ మొదలుపెట్టారు. తమ్ముడు కాసేపు నిలబడ్డాడు. "అక్కా, నువ్వైనా చెప్పు" అన్నాడు. నేను గుడ్డల మూట విప్పుతూ ఉండిపోయాను. వాడు సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మేం వెళ్ళలేదు. ఆ తర్వాత వాళ్ళూ రాలేదు, అమ్మ కూడా రాలేదు. మా ఆయన ఇప్పుడు ఏ శుభకార్యానికైనా ప్యాంటు, పొడుగుచేతుల చొక్కాతోనే వెళ్తున్నారు. పంచె కట్టుకోండి, నేను కుచ్చిళ్ళు పడతాను అంటే, వద్దులే, వేడిగా ఉంది అంటారు.

మొన్న పెద్ద మార్కెట్లో మా పుట్టింటి వీధి ఆవిడ నన్ను పట్టి ఆపింది.

"నువ్వు కూడా మీ ఆయన దగ్గరికి దుబాయి పోయినావని మీ అమ్మ చెప్పిందే! ఎప్పుడు వచ్చినావు?"

"నేను యాడికీ పోలేదక్కా. ఇందిరా నగర్‌లోనే ఉండాను, ఇస్త్రీ బండి దగ్గర" అన్నాను.

ఆవిడ నా చేతిలోని బొగ్గుల సంచి వైపు చూసి, చేపల వరస వైపు వెళ్ళిపోయింది.